రామకోటి పుస్తకాలు: గడి కొలత దగ్గర్నుంచి సమర్పణ దాకా

రామకోటి రాద్దామనుకున్నవాళ్లు పంచాంగం చూసి మరీ రోజు ఎంచుకుంటారు. పుస్తకం విషయానికొచ్చేసరికి గుడి ముందు పూజాసామాను కొట్లో, కొబ్బరికాయతో పాటు, ఏది చేతికిస్తే అది తెచ్చుకుంటారు. సగంలో ఆగిపోయి అటకెక్కిన పుస్తకాలను తిరగేసి చూడండి. గడి ఇరుకుగా ఉంటుంది, లేదా కాగితం పలచనై వెనక పేజీ సిరా ఇవతలికి దిగి ఉంటుంది, లేదా అట్ట ఊడి కాగితాలు చేతికొస్తుంటాయి. ఏళ్ల తరబడి రోజూ గంటసేపు ముందేసుకుని కూర్చోవాల్సిన వస్తువు ఇది. ఎంచుకోవడానికి ఓ అరగంట పెట్టాలి.

దొరికే రకాల్లో మా ఓటు దీనికి: ఏ4 సైజు, పేజీకి అడ్డంగా 10, నిలువుగా 25 గళ్లు, దారంతో కుట్టిన బైండింగ్, 70 జీఎస్ఎంకు (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) తగ్గని కాగితం, 400 రాత పేజీలు. పేజీకి 250 నామాలు, పుస్తకానికి సరిగ్గా లక్ష. రోజుకు నాలుగు పేజీలు రాస్తే వెయ్యి, వంద రోజులకు ఒక పుస్తకం. ఈ లెక్కలో ఎక్కడా చిల్లర మిగలదు కాబట్టి మనసు లెక్క మీదికి పోదు.

ముందు లెక్క సంగతి తేల్చుకుందాం. రోజుకు వెయ్యి చొప్పున రాస్తే కోటికి పది వేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ల నాలుగు నెలల పైచిలుకు. రోజుకు 108 చాలనుకుంటే కోటికి 253 ఏళ్లు పడుతుంది, ఒక జన్మకు అందే లెక్క కాదు. ఇంట్లో నలుగురు తలా వెయ్యి రాస్తే ఏడేళ్లలోపే అవుతుంది. కుటుంబమంతా కలిసి ఒక కోటి రాసే పద్ధతి అందుకే పుట్టి ఉంటుంది. ఒంటరిగా మొదలుపెట్టేవారు సంకల్పంలో ముందు లక్ష చెప్పుకోవడం మంచిది. లక్ష పూర్తయ్యాక మళ్లీ లక్ష. నిదానంగా రాస్తే ఒక నామానికి నాలుగు సెకన్లు పడుతుంది. వెయ్యికి గంటా ఏడు నిమిషాలు. గంటలోపే వెయ్యి దాటిపోతున్నారంటే అక్షరాలు ఎక్కడో తగ్గుతున్నాయని అర్థం.

ఎక్కడ తగ్గుతాయో దగ్గరగా చూస్తే గడి కొలత ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ‘శ్రీరామ’లో మూడే అక్షరాలున్నా ‘శ్రీ’ ఒక్కటే మూడంతస్తులు. నడుమ శకారం, నెత్తిన గుడిదీర్ఘం, కింద నుంచి ఎడమవైపుకు చుట్టుకొచ్చే క్రావడి. గడి ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గితే కింది వరుస గుడిదీర్ఘం పోయి పై వరుస క్రావడిని తాకుతుంది. పదో వరుసకల్లా చెయ్యి తనకు తెలియకుండానే క్రావడిని చిన్న గీతగా కుదించేస్తుంది. అది మొదలు. తర్వాత ‘రా’ దీర్ఘం పోతుంది, ‘శ్రీరమ’ మిగులుతుంది. అదీ అమ్మవారి పేరే, కానీ మనం పట్టింది అయ్యవారి నామం. ఆ తర్వాత ‘మ’ చివరి కొమ్ము పైకి లేవకుండా ఆగిపోయి ‘వ’ అవుతుంది. పుస్తకంలో ఏ పేజీ తీసినా ఈ మూడు చోట్లే చూడండి: క్రావడి, రా దీర్ఘం, మకారం కొమ్ము. రాసినవారి ధ్యాస ఆ పూట ఎలా ఉందో అవే చెబుతాయి.

ఏ4 పేజీలో లోపలి అంచు 20, బయటి అంచు 15 మిల్లీమీటర్లు వదిలి పది గళ్లు వేస్తే ఒక్కో గడి వెడల్పు పదిహేడున్నర, ఎత్తు పది, పదకొండు మిల్లీమీటర్లు వస్తుంది. మూడు అక్షరాలూ ఊపిరి పీల్చుకునేంత చోటు. సగం సైజు పుస్తకాల్లో అడ్డంగా 12, నిలువుగా 24 గళ్లు కుక్కి అచ్చువేసినవి ఉంటాయి. పేజీకి 288 నామాలు పడతాయని ఆశ పుడుతుంది గానీ గడి వెడల్పు పది మిల్లీమీటర్లు, ఎత్తు ఎనిమిది కూడా రాదు. కాగితం మిగులుతుంది, అక్షరం పోతుంది. వీటిని వద్దనే చెబుతాం. చత్వారం వచ్చిన పెద్దవారి కోసమైతే మరీ వద్దు.

అదే సగం సైజులో 9 అడ్డం, 12 నిలువుగా, పేజీకి 108 గళ్లున్న పుస్తకం మాత్రం మంచి వస్తువు. గడి పధ్నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, పదిహేను ఎత్తు. రోజుకు ఒక పేజీ, ఒక మాల జపంతో సమానం. ఏడెనిమిది నిమిషాల పని. ఉద్యోగాలకు వెళ్లేవారికి, కొత్తగా అక్షరాలు దిద్దే పిల్లలకు ఇది సరిపోతుంది. దీంతో లక్ష చేయాలంటే 926 పేజీలు కావాలి, లెక్క కూడా గుండ్రంగా రాదు. అందుకని కోటి సంకల్పానికి ఇది పనికిరాదు, నిత్య నియమానికి పనికొస్తుంది. రెండింటికీ ఒకే పుస్తకం వాడబోయి చిక్కుపడేవాళ్లు చాలామంది.

అట్ట మీద ‘లక్ష’ అని ఉంటే నమ్మకండి. గుణించి చూడండి. 400 పేజీలని అచ్చువేసి, మొదటి పదహారు పేజీల్లో పటం, స్తోత్రాలు, నియమాలు పెడితే రాయడానికి మిగిలేవి 384. వాటిలో పట్టేవి 96,000. నాలుగు వేలు తక్కువ. ఇది కొట్లోనే తెలిస్తే పదహారు కాగితపు పేజీలు అదనంగా కుట్టించుకోవచ్చు. తొంభై ఆరో రోజున తెలిస్తే మనసు చివుక్కుమంటుంది.

కొన్ని పుస్తకాల్లో గడి లోపల నామాన్ని లేత రంగులో ముందే అచ్చువేసి ఇస్తారు, దాని మీద దిద్దడమే. చెయ్యి వణికేవారికి, లిపి రాని పిల్లలకు ఇది ఆసరా. మిగతావారికి సిఫారసు చెయ్యలేం. దిద్దుతున్నప్పుడు కన్ను గీత వెంట పోతుంది, నామం వెంట పోదు. నోట్లో నామం లేకుండా కూడా చెయ్యి ఆ పని చేసేస్తుంది. ఖాళీ గడిలో అక్షరం మనలోంచి రావాలి. అందులోనే ఈ సాధనంతా ఉంది.

కాగితం గురించి. బడి నోటు పుస్తకాల్లో వాడే 54, 58 జీఎస్ఎం కాగితం మీద జెల్ పెన్నుతో రెండువైపులా రాయలేం. కొట్లోనే పరీక్ష చెయ్యండి: మీరు వాడబోయే పెన్నే తీసుకెళ్లి, చివరి పేజీ మూల అయిదు నామాలు రాసి, పది సెకన్లాగి తిరగేయండి. వెనక అక్షరం ఆకారం తెలుస్తోంది గానీ సిరా చుక్కలు కనబడకపోతే పర్వాలేదు. చుక్క కనిపిస్తే ఆ కాగితానికి ఆ పెన్ను పొత్తు కుదరదు. నున్నగా మెరిసే కాగితం కూడా వద్దు. సిరా ఆరడానికి ఆలస్యమై, కింది వరుస రాస్తుంటే చిటికెన వేలి పక్క భాగం పై వరుసనంతా పూసేస్తుంది. మరీ తెల్లటి కాగితం కన్నా కాస్త పసుపు వన్నె ఉన్నది గంటసేపు చూసినా కళ్లను నొప్పించదు. గళ్ల గీతలు లేత బూడిదరంగులోనో లేత ఆకుపచ్చలోనో ఉండాలి. ముదురు నలుపు గీతలైతే పేజీ నిండాక గీతలే కనిపిస్తాయి, నామం కనిపించదు.

బైండింగ్ చూడటానికి పుస్తకాన్ని నడిమికి తెరిచి వెన్ను దగ్గర దారం ఉందో లేదో చూడాలి. దారంతో కుట్టినది బల్ల మీద దాదాపు చదునుగా పరుచుకుంటుంది. జిగురుతో మాత్రమే అతికించినది పరుచుకోదు. బలవంతంగా నొక్కితే వెన్ను పగులుతుంది, యాభై రోజులకు కాగితాలు ఊడటం మొదలవుతుంది. చదునుగా పరుచుకోని పుస్తకంలో వెన్ను పక్క నిలువు వరుస వంపులో పడుతుంది, అక్కడ రాసిన నామాలన్నీ ఒరిగిపోతాయి. స్పైరల్ బైండింగ్ రాయడానికి హాయే, పేజీ పూర్తిగా వెనక్కి మడుచుకుంటుంది. కాని ప్లాస్టిక్ చుట్ట, ఇనుప తీగ ఏళ్ల తరబడి దాచడానికి పనికిరావు. ఒకదాని మీద ఒకటి పేర్చినా నిలవవు. సమర్పించిన చోట ఆ పుస్తకాలను స్తూపంలోనో విగ్రహ ప్రతిష్ఠ కిందనో ఉంచుతారనుకుంటే ప్లాస్టిక్ లేకుండా, ఉత్త అట్ట, గుడ్డ, కాగితం మాత్రమే ఉన్నది ఎంచుకోవడం పద్ధతి.

200 ఆకుల పుస్తకంతో వచ్చే ఒక ఇబ్బంది ఎవరూ ముందు చెప్పరు. మొదట్లో కుడి పక్క కట్ట ఎత్తుగా, ఎడమ పక్క బల్లకు అంటుకుని ఉంటుంది, చివర్లో ఇది తారుమారవుతుంది. దానికి తోడు పేజీ అడుగు వరుసలకు వచ్చేసరికి మణికట్టు పుస్తకం అంచు దాటి గాల్లో వేలాడుతుంది. చివరి నాలుగైదు వరుసల్లో అక్షరం చెడేది ఇక్కడే, ఓపిక తగ్గి కాదు. పుస్తకం అంచుకు ఆనించి అంతే మందమున్న ఇంకో పుస్తకం పెట్టుకుంటే చేతికి ఆనుడు దొరుకుతుంది. వ్యాసపీఠం చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ అది చదవడానికి చేసినది. రెండు రెక్కల నడుమ పుస్తకం లోయలా వంగి కూర్చుంటుంది కాబట్టి రాతకు కుదరదు. నేల మీద కూర్చుని రాసేవారు మోకాళ్లు దూరేంత ఎత్తున్న, ముందుకు కొద్దిగా వాలు ఉన్న చిన్న బల్ల చేయించుకుంటే మెడ నొప్పి రాదు. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో కూర్చుని రాయొచ్చు. రోజూ అదే చోటు, అదే దిక్కు, అదే వేళ ఉండటం ఆసనం కన్నా ఎక్కువ పని చేస్తుంది. పది రోజులు గడిచాక ఆ మూల కూర్చోగానే మనసు తనంతట తానే సర్దుకుంటుంది.

ఇక పెన్ను. అయిదు మిల్లీమీటర్ల ఎత్తున రాస్తే ఒక ‘శ్రీరామ’కు గీత పొడవు సుమారు పది సెంటీమీటర్లు. అంటే లక్ష నామాలకు పది కిలోమీటర్ల గీత. మామూలు బాల్ పెన్ను రీఫిల్ కిలోమీటరు పైన రాస్తుంది కాబట్టి లక్షకు ఎనిమిది, పది రీఫిళ్లు. జెల్ పెన్ను అందులో సగమే రాస్తుంది, ఇరవై దాకా కావాలి. ఒకే రకం, ఒకే రంగు ఒకేసారి డబ్బాగా తెచ్చుకోండి. నడుమ రంగు మారితే పుస్తకం అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ సిరాలతో రాయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. చవక ఎరుపు సిరా వెలుతురు తగిలితే త్వరగా వెలుస్తుంది, తడి తగిలితే అలుముకుంటుంది. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

బాల్ పెన్నుతో చిక్కేమిటంటే నొక్కి రాయాలి. వెయ్యి నామాలు నొక్కి రాస్తే బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతుంది, వెనక పేజీ గుంటలు పడి ఎగుడుదిగుడవుతుంది. రాసే ఆకు కింద దళసరి అట్టముక్క పెట్టుకుంటే గుంటలు సగానికి తగ్గుతాయి. నొక్కాల్సిన అవసరమే లేనిది పాళీ పెన్ను. గోదావరి ఒడ్డున రాసే నామానికి గోదావరి ఒడ్డున చేసిన పెన్నే కావాలనుకునేవారికి రాజమండ్రి రత్నం పెన్నులున్నాయి. స్వదేశీ ఉద్యమ కాలంలో పుట్టినవి, 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసినవి. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేత్తో చేసే ఇలాంటి పెన్నుల్లో డ్రాపరుతో సిరా నింపుతారు, ఒకసారి నింపితే చాలా రోజులు వస్తుంది. డ్రాపరుతో నింపే పెన్ను ఏదైనా సరే, సిరా మూడోవంతుకు దిగాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి పాళీ దగ్గర చుక్క రాల్చవచ్చు. సగం కాగానే నింపేసుకుంటే సరి. సన్న పాళీ తీసుకోండి. లావు పాళీకి 70 జీఎస్ఎం కాగితం ఆగదు. మరలు బిగించే చోట సిలికాన్ గ్రీజు కొంచెం రాస్తే వేళ్లకు సిరా అంటదు.

నియమాల సంగతి ఇంటింటికీ వేరు. స్నానం చేసి రాయడం, రాస్తున్నంతసేపూ మాట్లాడకపోవడం, మొదలుపెట్టిన వరుస పూర్తి చేసి లేవడం దాదాపు అందరూ పాటించేవి. లిఖిత జపాన్ని దేశమంతటా ప్రచారం చేసినవారిలో ఋషీకేశ్ స్వామి శివానంద ఒకరు. ఆయన 1936లో స్థాపించిన దివ్య జీవన సంఘంలో ఇది నేటికీ సాధనల్లో ఒకటి. ఆ పద్ధతిలోనూ మౌనానికి, కదలకుండా ఒకే ఆసనంలో కూర్చోవడానికి పెద్ద పీట. తమిళనాట ‘శ్రీరామజయం’ అని రాస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం 2023లో గోవింద కోటిని ప్రకటించి, 25 ఏళ్లలోపు వారు 10,01,116 సార్లు గోవింద నామం రాస్తే దర్శనం కల్పిస్తామంది. పిల్లల చేత రాయించడానికి అది మంచి ఊతం. ఏ నామమైనా గడి, కాగితం, కుట్టు లెక్కలు ఇవే. శివకోటి రాసేవారు మాత్రం ‘ఓం నమఃశివాయ’కు గడి వెడల్పు కనీసం 35 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోవాలి. రామకోటి పుస్తకంలో రెండేసి గళ్లు కలిపి రాసుకుంటే సరిగ్గా అంత వస్తుంది, పేజీకి 125.

తప్పు పద్ధతి ఒకటి బాగా వ్యాపించింది. ముందు నిలువు వరుసంతా ‘శ్రీ’లు, తర్వాత ‘రా’లు, ఆ తర్వాత ‘మ’లు నింపుకుంటూ పోవడం. వేగం పెరుగుతుంది, నిజమే. కానీ అలా రాస్తే ఒక్కసారి కూడా రామనామం రాసినట్టు కాదు. నామం మనసులో పూర్తిగా పలికి, చెయ్యి దాని వెంట నడవాలి. నాలుక కదలకపోయినా పర్వాలేదు. అక్షరం తప్పితే కొట్టివేయకండి, తెల్ల రంగు పుయ్యకండి. పక్క గడిలో సరిగ్గా రాసి, ఆ పేజీ అడుగున తప్పు గడుల సంఖ్య చిన్నగా వేసుకోండి. పుస్తకం చివర ఆ మొత్తం కూడి అన్ని నామాలు అదనంగా రాస్తే లెక్క సరిపోతుంది.

ఫోన్‌లో రామకోటి యాప్‌లు వచ్చాయి. బస్సులో, ఆసుపత్రి వరండాలో నామస్మరణకు అవి తోడే. అయితే తెర మీద ఒక్క వేలి తాకిడికి నామం పూర్తవుతుంటే దాన్ని జపమాలగా లెక్కించాలి, రాతగా లెక్కించకూడదు. వేలితో తెర మీద అక్షరం గీయనిచ్చేవి కొంత నయం. రెంటినీ ఒక లెక్కలో కలపకండి.

పుస్తకాలను దాచడంలో జరిగే పొరపాట్లు చూస్తే బాధేస్తుంది. భక్తితో అట్ట నాలుగు మూలలా తడి పసుపు పూసి, ఆరకముందే గూట్లో పెడతారు. బూజు అక్కడే మొదలవుతుంది. పొడి పసుపు వేలికొసతో అద్దితే చాలు. దీపం పక్కన పెడితే మసి, నూనె మరక. తడి పూలు మీద పెడితే పై పది ఆకులు ఉబ్బుతాయి. నూలు గుడ్డలో చుట్టి, గోడకు తగలకుండా, నేలకు ఎత్తుగా పెట్టండి. తాళపత్రాల కాలం నుంచి మనవాళ్లు వాడిన వస కొమ్ములు, ఎండు వేపాకు నాలుగు పక్కన ఉంచితే పురుగు దగ్గరికి రాదు. ఏడాదికోసారి మార్చాలి. పచ్చి వేపాకు పెట్టకండి, అందులో తడి ఉంటుంది.

లక్ష నామాల పుస్తకం అట్టతో కలిపి కిలో దాకా తూగుతుంది. వంద పుస్తకాలంటే క్వింటాలు, పేరిస్తే రెండు మీటర్ల ఎత్తు. సమర్పణకు చాలామంది మొక్కుకునేది భద్రాచలం. కంచెర్ల గోపన్న కట్టించిన గుడికి, ఆయన పాడిన రామయ్యకు మన రాత చేరాలనుకోవడం సహజం. రైల్లో వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సింది, భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, గుడి అక్కడికి నలభై కిలోమీటర్లు. ఇన్ని పుస్తకాలతో బస్సు మారడం కష్టం, ఇంటి దగ్గర్నుంచే బండి మాట్లాడుకోవడం మేలు. బయల్దేరే ముందు దేవస్థానం వారిని అడిగి ఎప్పుడు, ఎక్కడ తీసుకుంటారో కనుక్కోండి. శ్రీరామనవమి కల్యాణం రోజుల్లో ఆ జనంలో పెట్టెలు మోసుకెళ్లడం సాధ్యం కాదు. అయిదేసి పుస్తకాలు ఒక నూలు సంచిలో కట్టి, ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద పేరు, గోత్రం, మొదలుపెట్టిన తిథి, ముగించిన తిథి, వరుస సంఖ్య రాయండి. చివరి పుస్తకంలో ఆఖరి వరుస పది గళ్లు ఖాళీగా ఉంచుకుంటే గోదావరిలో స్నానం చేసి వచ్చి, గుడి మెట్ల పక్కన కూర్చుని పూర్తి చేసుకోవచ్చు. పెన్ను మాత్రం ఇంటి నుంచే, అదే రంగుది, తీసుకెళ్లండి.